పోరంబోకు భూమి ఎవరిది?
గిండి అడవి, పళ్ళికరణై చిత్తడినేల ఆధారంగా ఒక పౌరపాఠం

పాఠ్యోద్దేశం

చెన్నై నగరం నడుమ ఒక జాతీయోద్యానవనం, దక్షిణపు అంచున అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఒక చిత్తడినేల ఉన్నాయి. రెండూ ప్రజల ఆస్తి. రెండూ మన తాతల కాలంలో ఉన్నంత విస్తీర్ణంలో నేడు లేవు. అవి ఎందుకు తగ్గాయి, మిగిలినదానికి ఏ చట్టం కాపలా ఉన్నది, ఆ కాపలాలో సామాన్య పౌరునికి గల పాత్ర ఏమిటి అనే మూడు ప్రశ్నలకు ఈ పాఠం సమాధానం చెబుతుంది. తమిళ దస్త్రాలలో కనిపించే కొన్ని భూమి మాటలకు తెలుగు అర్థాలు పాఠం చివర ఉన్నాయి.

1. ఒక మాట చరిత్ర

పోరంబోకు అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. ఊరి దస్త్రంలో అది భూమి పేరు. ఊరి రచ్చబండ మీద అది తిట్టు. పనీపాటా లేక తిరిగేవాణ్ణి, ఎవరికీ చెందనివాణ్ణి పోరంబోకు అనడం తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నది. ఒక భూమి పేరు మనిషిని తూలనాడే మాటగా ఎలా మారిందో తెలుసుకుంటే, మన ఉమ్మడి భూములకు పట్టిన గతి సగం అర్థమవుతుంది.

ఈ మాట తమిళంలోని ‘పుఱంపోక్కు’ నుంచి వచ్చినదని సాధారణంగా చెబుతారు. ‘పుఱం’ అంటే వెలుపల. సాగుకు, శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన భూమి అని దాని భావం. చెరువు, చెరువుగట్టు, వాగు, పశువుల మేతబీడు, బండిబాట, శ్మశానం, కళ్ళం వంటివన్నీ ఈ వర్గంలోకి వచ్చేవి. వీటిని ఎవరూ దున్నకూడదు, ఎవరూ అమ్మకూడదు, ఊరంతా వాడుకోవాలి. అంటే అవి విలువ లేనందువల్ల వెలుపల ఉంచిన భూములు కావు. అందరికీ కావలసినవి గనుక ఏ ఒక్కరి ఖాతాలోనూ చేర్చని భూములు.

మద్రాసు రాజధానిలో రైత్వారీ పద్ధతి స్థిరపడిన తరువాత భూమిని చూసే చూపు మారింది. రాయలసీమ ప్రజలకు మన్రో దొరగా పరిచయమైన థామస్ మన్రో ఈ పద్ధతికి ప్రధాన ప్రచారకుడు. ప్రతి పొలానికీ కొలత, ప్రతి రైతుకూ పట్టా, ప్రతి పట్టాకూ శిస్తు. ఈ లెక్కలో శిస్తు కట్టే భూమి ముందు వరుసకు వచ్చింది. శిస్తు రాని భూమి చివరి పుటలకు చేరింది. ఖజానాకు ఆదాయం ఇవ్వనిది క్రమంగా పనికిమాలినది అనే అర్థం పొందింది. నీరు నిలిచే చిత్తడినేలలను కూడా చాలాకాలం వ్యర్థభూముల కోవలోనే లెక్కించారు. ఆ తరువాత మాట భూమిని వదిలి మనిషి మీదికి వచ్చింది.

పౌర ప్రకటనలను తెలుగులోకి మార్చేవారికి ఈ మాట దగ్గర కొంతసేపు ఆగక తప్పదు. ‘ప్రభుత్వ భూమి’ అని రాస్తే ప్రభుత్వం తన ఇష్టప్రకారం వాడుకోదగిన ఆస్తి అనే అర్థం స్ఫురిస్తుంది. ‘బంజరు’ అని రాస్తే పనికిరాని నేల అనిపిస్తుంది. ‘ఉమ్మడి భూమి’ అంటే అన్నదమ్ముల పాలు గుర్తుకు వస్తుంది. అందువల్ల ఈ పాఠంలో పోరంబోకు అనే మాటనే ఉంచాము. దానికి అంటిన మరకను తుడిచి, పాత గౌరవంతో చదువుకోవాలని పాఠకులకు మనవి.

2. గిండి: మంచి పనులకు ఖర్చయిన అడవి

గిండి అడవి ఒకప్పుడు వేటకు కేటాయించిన వనం. 1821లో, మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్న కాలంలో, ప్రభుత్వం దీనిని ఒక ప్రైవేటు యజమాని నుంచి కొన్నది. 1910లో సుమారు 505 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. 1978లో జాతీయోద్యానవనంగా ప్రకటించేనాటికి మిగిలినది సుమారు 270 హెక్టార్లు, అంటే 2.7 చదరపు కిలోమీటర్లు. దేశంలోని అతి చిన్న జాతీయోద్యానవనాలలో ఇది ఒకటి.

మిగిలిన భూమిని దొంగలు ఎత్తుకుపోలేదు. 1958లో ఒక భాగం ఐఐటీ స్థాపన కోసం కేంద్ర విద్యాశాఖకు వెళ్ళింది. అదే ఏడాది మరొక భాగం పిల్లల ఉద్యానవనానికి కేటాయించారు. 1970లలో రాజాజీ, కామరాజు స్మారకాలకు కొంత నేల ఇచ్చారు. ఇవన్నీ గౌరవించదగిన సంస్థలు. ఐఐటీలో చదివి పైకి వచ్చిన తెలుగు విద్యార్థులు వేలమంది. పిల్లల ఉద్యానవనంలో మొదటిసారి జింకను చూసిన పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ఏ ఒక్క కేటాయింపునూ తప్పు అని చెప్పడం కష్టం. అయితే అన్నీ కలిసి, సుమారు ఏడు దశాబ్దాలలో, అడవిని దాదాపు సగానికి తగ్గించాయి.

ప్రజాభూముల రక్షణలో ఇది మొదటి పాఠం. ఆక్రమణదారు అంటే రాత్రికి రాత్రి గోడ కట్టేవాడే మనకు గుర్తుకు వస్తాడు. కాని ప్రజాభూమి ఎక్కువగా పగటిపూట, సంతకాలతో, మంచి ఉద్దేశాలతోనే కరుగుతుంది. ఆసుపత్రికో పాఠశాలకో పట్టాభూమి కొనాలంటే కోట్లు కావాలి. పోరంబోకు అయితే ఒక ఉత్తర్వు చాలు. దస్త్రంలో వెల లేని భూమి ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది. అడవి చేసే పనికి ఎవరూ రసీదు ఇవ్వరు గనుక, పోయినప్పుడు నష్టం కూడా ఏ పద్దులోనూ పడదు.

మిగిలిన 270 హెక్టార్లలో ఏమున్నది? కోరమండల తీరానికి సహజమైన పొడి సతతహరిత అడవి ఉన్నది. మన తూర్పుతీరంలో ఈ రకం అడవి ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మాత్రమే మిగిలింది. 350కి పైగా మొక్కల జాతులు, 130కి పైగా పక్షి జాతులు ఇక్కడ ఉన్నాయి. చుక్కల జింకలు, కృష్ణజింకలు, నక్కలు, ముంగిసలు, నక్షత్ర తాబేళ్ళు నగరపు రొదకు కొద్ది అడుగుల దూరంలోనే జీవిస్తున్నాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. ఆ రెండింటికీ ఈ నగరంలో ఒకే కంచె లోపల చోటు దొరికింది.

నగరం నడుమ అడవిని నిలుపుకోవడం ఒక్క చెన్నైకే సంబంధించిన సమస్య కాదు. హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనాన్ని 1998లో జాతీయోద్యానవనంగా ప్రకటించారు. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయోద్యానవనం, బెంగళూరు అంచున ఉన్న బన్నేరుఘట్ట కూడా ఇదే ఒత్తిడిని భరిస్తున్నాయి. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన పెద్ద నగరాలన్నిటా ఈ ప్రశ్న మన గుమ్మం ముందే ఉన్నది.

3. పళ్ళికరణై: నీటికి పట్టా లేని చోటు

గిండికి దక్షిణంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో పళ్ళికరణై ఉన్నది. తమిళులు ఇటువంటి నేలను ‘కళువెలి’ అన్నారు. వానాకాలంలో నీరు పరుచుకునే పల్లపు మైదానం అని భావం. సుమారు 250 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలోని చెరువులు ఒకదాని తరువాత ఒకటి నిండి, అలుగు పారిన నీరు ఈ చిత్తడినేలకు చేరుతుంది. ఇక్కడ నెమ్మదించి, కొంత భూమిలోకి ఇంకి, మిగిలినది ఒక్కియం మడువు అనే వాగు ద్వారా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం ముఖద్వారం వద్ద సముద్రం చేరుతుంది. నెల్లూరు తీరం మీదుగా వచ్చే ఆ కాలువ మన పాఠకులలో చాలామందికి చిరపరిచితమే.

చిత్తడినేల చేసే పని మూడు విధాలు. మొదటిది, వరద వేగాన్ని తగ్గించి నీటిని నిలువ ఉంచడం. రెండవది, భూగర్భజలాన్ని నింపి, సముద్రపు ఉప్పునీరు లోనికి చొరబడకుండా ఎదురొత్తిడి ఇవ్వడం. మూడవది, రెల్లు, తుంగ వంటి మొక్కల ద్వారా నీటిలోని మలినాన్ని కొంతవరకు వడకట్టడం. ఈ మూడు పనులకూ కట్టడం అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. చోటు మాత్రం కావాలి.

ఆ చోటే కరువైంది. 1960ల నాటి అంచనాలలో సుమారు 50 చదరపు కిలోమీటర్లుగా చెప్పిన ఈ చిత్తడినేలలో అధికభాగం తరువాతి దశాబ్దాలలో ఇళ్ళకు, సంస్థలకు, రోడ్లకు, రైలుమార్గానికి పోయింది. పెరుంగుడి వైపున నగరపు చెత్త గుట్టలుగా చేరింది. 2007లో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించడం ఒక మలుపు. 2022లో సుమారు 1,248 హెక్టార్లు రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం గుర్తించే చిత్తడినేలల జాబితా అది. మన కొల్లేరు 2002లోనే ఆ జాబితాకు ఎక్కింది.

2015 డిసెంబరు వరదలను ఈ నగరం మరచిపోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోనూ వేళచ్చేరి, పళ్ళికరణై పరిసరాలు నీట మునిగాయి. నీటికి పట్టా ఉండదు, కాని దానికి తన పాత దారి తెలుసు. చిత్తడినేలను పూడ్చినప్పుడు నీరు మాయం కాదు. మన గదులలోకి, మన మెట్ల కిందికి, మన మంచినీటి తొట్లలోకి చోటు మార్చుకుంటుంది. పోరంబోకు భూమి చవక అని ఎవరో ఒకరు లెక్క కట్టారు. ఆ లెక్కలో మిగిలిన వెలను వరదల సమయంలో అక్కడి నివాసులు చెల్లించారు.

4. చట్టపు మెట్లు

ప్రజాభూములన్నిటికీ ఒకే స్థాయి రక్షణ లేదు. దీనిని మెట్లుగా ఊహించుకోవచ్చు.

అట్టడుగు మెట్టు సాధారణ పోరంబోకు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం దీనికి పాత కాపలాదారు. మద్రాసు రాజధాని విడిపోయిన తరువాత ఇదే చట్టం తమిళనాడులోనూ ఆంధ్రలోనూ కొనసాగింది. అనధికారంగా ఆక్రమించినవారికి నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం దీని ద్వారా రెవెన్యూ శాఖకు ఉన్నది. చెరువుల విషయంలో తమిళనాడు 2007లో ప్రత్యేక చట్టం చేసింది. అయితే పోరంబోకు వర్గీకరణను ప్రభుత్వం తన ఉత్తర్వుతో మార్చవచ్చు. ఈ మెట్టు బలహీనత అదే.

రెండవ మెట్టు రిజర్వు అడవి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్ళించాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం. చిత్తడినేలలకు 2017 నాటి నియమాలు తోడయ్యాయి. అవి వర్తించే చిత్తడినేలలను వేరే వాడకానికి మార్చడం, ఆక్రమించడం, అక్కడ ఘనవ్యర్థాలు పోయడం నిషిద్ధం.

పై మెట్టు జాతీయోద్యానవనం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షన్ దీనికి ఆధారం. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా ఉద్యానవనం హద్దులను రాష్ట్ర ప్రభుత్వం కూడా మార్చలేదు. పశువులను మేపడం నిషిద్ధం. జంతువులను వేధించడం, చెత్త వేయడం కూడా శిక్షార్హమైన నేరాలు. 1978కి ముందు ముక్కలుగా తరిగిపోయిన గిండి అడవికి ఈ మెట్టు ఎక్కిన తరువాతే గట్టి కంచె దొరికింది.

వీటన్నిటికీ పునాదిగా రాజ్యాంగం ఉన్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 48-ఎ అధికరణం అడవులను, వన్యప్రాణులను కాపాడే బాధ్యతను రాజ్యానికి అప్పగించింది. అదే సవరణతో వచ్చిన 51-ఎ అధికరణం ఆ కర్తవ్యాన్ని పౌరులకు కూడా పంచింది.

5. న్యాయస్థానాలు చెప్పిన నాలుగు మాటలు

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. దానిని అడిగేవారు ఉండాలి. సుప్రీంకోర్టు తీర్పులు నాలుగింటిని పౌరులు గుర్తుంచుకోవాలి.

మొదటిది 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసు. ఒక లేఅవుటులో ఉద్యానవనానికి ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయించారు. ఆ కాలనీ నివాసులు ఎదిరించారు. ఉద్యానవనం కూడా ప్రజారోగ్యానికి అవసరమేననీ, దానిని కోల్పోయే నివాసులకు న్యాయస్థానానికి వచ్చే హక్కు ఉన్నదనీ కోర్టు తేల్చింది.

రెండవది 1996 డిసెంబరులో వెలువడిన ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసు. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఉన్న అటవీభూమిని ఒక హోటలుకు లీజుకిచ్చిన వివాదం అది. నదులు, అడవులు, తీరాలు వంటి వాటికి ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అనే సూత్రాన్ని కోర్టు మన దేశపు చట్టంలో భాగంగా ప్రకటించింది. దేవాలయపు మాన్యాన్ని ధర్మకర్త అమ్ముకోకూడదని తెలిసిన మనకు ఈ సూత్రం కొత్తది కాదు.

మూడవది 1999 నాటి లక్నో కేసు. అక్కడి మహానగరపాలికే ఒక ఉద్యానవనం కింద భూగర్భ వాణిజ్య సముదాయం కట్టించడానికి ఒప్పందం చేసుకున్నది. కట్టడాన్ని తొలగించి, ఉద్యానవనాన్ని తిరిగి నెలకొల్పవలసిందిగా కోర్టు ఆదేశించింది. కాపలా ఉండవలసిన సంస్థే తలుపు తీసినప్పుడు పౌరుడు ఊరకుండనక్కరలేదని ఈ తీర్పు చెబుతున్నది.

నాలుగవది 2011 నాటి జగ్‌పాల్ సింగ్ కేసు. పంజాబులోని ఒక గ్రామపు చెరువును పూడ్చి ఇళ్ళు కట్టిన వ్యవహారం అది. గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి గ్రామసమాజానికి అప్పగించే పథకాలు తయారుచేయవలసిందిగా అన్ని రాష్ట్రాలను కోర్టు ఆదేశించింది. దేశంలోని ఉమ్మడి భూముల రకరకాల పేర్లను ప్రస్తావిస్తూ పోరంబోకును కూడా ఆ తీర్పు పేర్కొన్నది.

6. ఒక కష్టమైన ప్రశ్న: పేదలు ఎక్కడికి పోవాలి?

పోరంబోకును కాపాడాలి అన్నప్పుడు చాలామంది మనసులో మొదట మెదిలేది వాగు ఒడ్డున ఉన్న గుడిసె. ఈ విషయంలో తొందరపాటు తగదు.

కాలువగట్ల మీద, నదుల ఒడ్డున నివసించే కుటుంబాలు ఆ చోటును కోరి ఎంచుకోలేదు. నగరానికి వారి శ్రమ కావలసివచ్చింది. వారికి చోటు ఇవ్వడానికి నగరపు ధరలు ఒప్పుకోలేదు. ఈ నగర పారిశుధ్య పనిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీధులు ఊడ్చి, కాలువలు శుభ్రం చేసి, చెత్తను మోసినవారు వారు. నగరాన్ని శుభ్రంగా ఉంచినవారినే నగరపు మలినంగా చూడడం అన్యాయం.

నది ఒడ్డుల నుంచి తరలించిన అనేక కుటుంబాలకు కణ్ణగి నగర్, పెరుంబాక్కం వంటి దక్షిణ శివారు కాలనీలలో ఇళ్ళు ఇచ్చారు. అవి పళ్ళికరణై చిత్తడినేల పరిసరాలలోని పల్లపు ప్రాంతాలే. పెద్దవానలకు అక్కడా నీరు నిలుస్తుంది. ఒక నీటిదారి నుంచి లేపి మరొక నీటిదారి పక్కన కూర్చోబెట్టడం పరిష్కారం అనిపించుకోదు. పనికి దూరం, బడికి దూరం అయిన కుటుంబం ఆ ఇంటిని వదిలి మళ్ళీ నగరంలోకే రావలసి వస్తుంది.

జగ్‌పాల్ సింగ్ తీర్పు కూడా ఈ తేడాను గుర్తించింది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వ ప్రకటన ద్వారా లీజు ఇచ్చిన సందర్భాలలోనూ, ఆ భూమిలో ఇప్పటికే పాఠశాల, వైద్యశాల వంటి ప్రజోపయోగమైన సంస్థ ఉన్నప్పుడూ మినహాయింపుకు చోటు వదిలింది. ఎక్కువ డబ్బు పెట్టి కట్టాము, ఎంతో కాలంగా ఉన్నాము అనే వాదనకు మాత్రం చోటు ఇవ్వలేదు.

కాబట్టి ఆక్రమణ అనే మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆక్రమించిన విస్తీర్ణం ఎంత? ఆక్రమించినవారికి వేరే దారి ఉన్నదా? వారిని కదిలించితే ఎక్కడికి, ఏ షరతులతో? గుడిసెను కూల్చి పెద్ద గోడను వదిలేసే రక్షణ ప్రజల గౌరవాన్ని నిలుపుకోలేదు. ప్రజల గౌరవం లేని చట్టం ఏ అడవినీ ఎక్కువకాలం కాపాడలేదు.

7. పౌరుడు చేయగలిగినవి

హద్దు తెలుసుకోండి. మీ వీధి చివర ఉన్న ఖాళీస్థలం ఎవరిదో మీకు తెలుసా? సర్వే నంబరు తెలిస్తే, తమిళనాడు ప్రభుత్వపు భూమి సేవల వెబ్‌సైటులో ‘ఎ’ రిజిస్టరు ప్రతిని చూడవచ్చు. ఆ భూమి ఏ వర్గానికి చెందినదో అందులో ఉంటుంది. ఇల్లు, స్థలం కొనే ముందు పట్టాతో పాటు దీనిని కూడా చూడడం మీకూ రక్షణ, భూమికీ రక్షణ.

లేఅవుటులోని ఉద్యానవన స్థలాన్ని అడగండి. పదివేల చదరపు మీటర్లకు మించిన లేఅవుటులో రోడ్లు పోగా మిగిలిన విస్తీర్ణంలో పదిశాతాన్ని బహిరంగస్థలంగా విడిచి, దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలనే నియమం ఉన్నది. కాగితం మీద ఉద్యానవనంగా ఉండి, నేల మీద కార్ల నిలుపుదలగానో గుడారంగానో మారిన స్థలాలను నివాసుల సంఘమే గుర్తించగలదు.

సమాచారం కోరండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికారభాషలో ఉండాలి. చెన్నైలో అది తమిళం. రాతపూర్వకంగా కోరలేనివారు నోటితో చెబితే, దానిని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సహాయం చేయాలని 6వ సెక్షన్ చెబుతున్నది. మన ఇళ్ళలోని పెద్దలకు ఇది తప్పక తెలియజేయండి.

సభకు వెళ్ళండి. తమిళనాడులో వార్డు కమిటీలకు, ప్రాంతసభలకు 2022లో నియమాలు వచ్చాయి. చెరువు, ఉద్యానవనం, మురుగుకాలువ గురించి మాట్లాడవలసిన చోటు అదే. నగరపాలిక ఫిర్యాదు నంబరు 1913. ఫిర్యాదు చేసినప్పుడు దాని సంఖ్యను రాసి ఉంచుకోండి. సంఖ్య లేని ఫిర్యాదు గాలికి చెప్పిన మాట.

చెత్తను వేరుచేయండి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త వేరువేరుగా ఇవ్వవలసిందిగా ప్రతి ఇంటినీ ఆదేశించాయి. పెరుంగుడిలో దశాబ్దాలుగా పేరుకున్న గుట్టను తవ్వి, జల్లించి, వేరుచేసే పనిని నగరపాలిక చేపట్టింది. మన వంటింట్లో రెండు నిమిషాలలో అయ్యే పనిని అక్కడ యంత్రాలతో, ఎంతో ఖర్చుతో చేయవలసివస్తున్నది. కూరగాయల తొక్కులను కుండీలో ఎరువుగా మార్చే ప్రతి ఇల్లూ చిత్తడినేలకు సహాయం చేసినట్లే.

అడవిలో అతిథిగా మెలగండి. గిండి పిల్లల ఉద్యానవనానికి వెళ్ళినప్పుడు జంతువులకు తినుబండారాలు వేయకండి. ప్లాస్టిక్ సంచిలో మిగిలిన ఉప్పు, తీపి వాసనకు జింకలు సంచితో సహా మింగుతాయి. అది వాటి కడుపులో అరగదు, బయటికి పోదు. పెంపుడు కుక్కలను అడవి కంచె దగ్గర వదిలిపెట్టడం కూడా జింకలకు ప్రాణాంతకం.

8. దస్త్రాలలోని మాటలు

ఏరి: చెరువు. ‘ఏరి పుఱంపోక్కు’ అంటే చెరువు పోరంబోకు.
ఓడై: వాగు, చిన్న నీటిదారి.
మేయ్‌చ్చల్: పశువుల మేత. మేతబీడును సూచించే మాటలో కనిపిస్తుంది.
వండిప్పాదై: బండిబాట.
సుడుకాడు: శ్మశానం.
నత్తం: ఊరి నివాసస్థలం. ఆంధ్రలో దీనిని గ్రామకంఠం అంటారు.
సదుప్పు నిలం: చిత్తడినేల.
ఆక్కిరమిప్పు: ఆక్రమణ.

9. ఆలోచించండి, చర్చించండి

1. మీ వార్డులో ఒక చెరువు, ఒక ఉద్యానవనం, ఒక నీటిదారి పేర్లు రాయండి. వాటి హద్దులు మీకు తెలుసా? మీ ఇంటి పెద్దల జ్ఞాపకంలో అవి ఎంత దూరం ఉండేవి?
2. మీ ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలి. దొరికిన స్థలం చెరువు పోరంబోకు ఒక్కటే. మీరు ప్రాంతసభలో ఏమంటారు? మరొక స్థలం కోసం ఎవరిని, ఏమని అడుగుతారు?
3. ఒక సంస్థకు అడవి భూమి ఇవ్వడానికీ, ఒక కుటుంబం వాగు ఒడ్డున గుడిసె వేసుకోవడానికీ మధ్య గల తేడాలను రెండు వరుసలలో రాయండి. భూమికి కలిగే నష్టాన్నీ, మనిషికి ఉన్న అవసరాన్నీ వేరువేరుగా తూచండి.
4. ‘పోరంబోకు’ను తిట్టుగా వాడే ఒక వాక్యాన్ని గుర్తుతెచ్చుకోండి. ఆ మాటకు బదులు మరొక మాట పెట్టి చూడండి. ఆ తరువాత, ఆ మాటను దాని అసలు అర్థంలో వాడి మీ పిల్లలకు ఒక వాక్యం చెప్పండి.

నాలుగవ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. అయినా మొదలు అక్కడే పెట్టవచ్చు. ఊరికంతటికీ చెందిన చోటుకు ఉన్న పేరును పిల్లలు గౌరవంతో పలకడం నేర్చుకుంటే, రేపు ఆ చోటును అడిగే కాగితం వచ్చినప్పుడు, ఇది ఎవరిది అని వారు తప్పక అడుగుతారు. మాది అని జవాబు చెప్పేవారు ఎంతమంది ఉంటారనే దానిమీదే గిండిలో మిగిలిన 270 హెక్టార్ల భవిష్యత్తు, పళ్ళికరణైలో మిగిలిన నీటి భవిష్యత్తు ఆధారపడి ఉన్నాయి.